ఎడంచేతి దొంగ

ఫ్లోరిడాలో గాస్లిన్ చెరువు పక్కనున్న, రేకు గోడల ట్రెయిలర్ ఇళ్ల కాలనీలో యాభై అయిదేళ్లు నిండనివాళ్లకి ఇల్లు ఇవ్వరు. ఎనభై నిండినవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదన్న రూలు మాత్రం ఎక్కడా లేదు. ఈ రెండు సంగతులూ కలిసే చోట హార్లన్ పీట్స్ పాఠాలు చెబుతుంటాడు. ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్ల ఈత కొలనులు కడిగి రిటైరైన మనిషి. ఎక్కడినుంచో ఒక సర్టిఫికెట్ తెచ్చుకుని, దానికి పటం కట్టించి, గురువారం గురువారం పొద్దున క్లబ్‌హౌస్‌లో ఆత్మరక్షణ క్లాసు పెట్టాడు. కాఫీ, డోనట్లు ఊరికే దొరుకుతాయి కాబట్టి పదకొండు మంది వచ్చేవారు.

పాఠం మొత్తం మూడే ముక్కలు. నీ ఇల్లు నీ కోట. నీ కోటలో నువ్వు ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యక్కర్లేదు. నీకు ప్రాణభయం కలిగితే, ఆ భయం సబబైనదైతే, ఎదుటివాడి ప్రాణం తీసినా తప్పులేదు. ఆ మూడో ముక్కలోని "సబబైనది" అన్న మాట పట్టుకుని కోర్టుల్లో, చట్టసభల్లో, టీవీల్లో చదువుకున్నవాళ్లంతా ఏళ్ల తరబడి జుట్లు పట్టుకుంటున్నారు. హార్లన్ మాత్రం ఆ మాట దగ్గరికొచ్చేసరికి కాఫీ చల్లారిపోతుందని గబగబా దాటేసేవాడు.

ఒక మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి అతని భార్య వెల్మా నీళ్లలో వ్యాయామం చెయ్యడానికి కాలనీ కొలను దగ్గరికి వెళ్లింది. హార్లన్ టీవీ ముందు వాలుకుర్చీలో, టోపీ కళ్ల మీదికి లాక్కుని కునుకు తీస్తున్నాడు. ఉన్నట్టుండి లోపలి గదుల వైపు నుంచి దబదబ చప్పుడు. ఎవరో కిటికీ పగలగొడుతున్నట్టే ఉంది. హార్లన్ దిండు కింది పిస్తోలు తీసి, తను నేర్పినట్టే గోడకి ఆనుకుని, నడవా మలుపు తిరిగాడు.

నడవా చివర మనిషి ఉన్నాడు. పొట్ట, తెల్ల మీసం, ఎర్ర టోపీ. చేతిలో పిస్తోలు, అదీ తిన్నగా హార్లన్ గుండెకేసి పట్టి ఉంది.

"పడెయ్ కింద," అన్నాడు హార్లన్.

వాడు నోరు కదిపాడు గానీ మాట బయటికి రాలేదు. అంటే వెక్కిరిస్తున్నాడన్నమాట. హార్లన్ ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. పేల్చాడు. పేల్చాక మాత్రం వీధి తలుపులోంచి బయటికి పరుగెత్తాడు. అది వెనకడుగు కిందికి రాదు, ఎందుకంటే ముందుకే పరుగెత్తాడు.

చప్పుడు విని కాలనీ సగం వీధిలోకొచ్చింది. హార్లన్ రొప్పుతూనే కథంతా చెప్పాడు. మనిషి నా ఎత్తే ఉంటాడు, నా వయసే ఉంటుంది, చూపులో మంచితనం లేదు, ఎడంచేతి వాటం, టోపీ మీద రాతలు మన భాష కాదు. జనం గుండెల మీద చేతులేసుకున్నారు. మన భాష కాని టోపీ అంటే రష్యావాడే అయ్యుంటాడని ఒకాయన తేల్చేశాడు. ఎవరో హార్లన్ చేతికి చల్లటి తీపి టీ ఇచ్చారు. డెబ్భై ఏళ్ల జీవితంలో అంతమంది తనవైపు అలా చూడటం అతనికి అదే మొదలు. నిజం చెప్పాలంటే మహా బాగుంది.

షెరిఫ్ ఆఫీసు నుంచి డిప్యూటీ మరిబెల్ అనే పోలీసు అమ్మాయి వచ్చింది. హార్లన్ ముందు నడిచి ఆమెని నడవాలోకి తీసుకెళ్లాడు. అప్పుడు చూశాడు. నడవా చివర అలమరా తలుపుకి నిలువెత్తు చట్రం వేలాడుతోంది. లోపల అద్దం లేదు. అద్దమంతా తివాచీ మీద ముక్కలై ఉంది. ఒక్కో ముక్కలోంచి ఒక్కో ఎర్ర టోపీవాడు హార్లన్‌ని చూస్తున్నాడు.

ఆ చట్రం నిన్నటిదాకా లేదు. అద్దం కొన్నానని వెల్మా రాత్రి భోజనాల దగ్గర చెప్పినట్టే గుర్తు. అప్పుడు అతను బేస్‌బాల్ చూస్తూ ఊఁ కొట్టాడు.

వీధిలో ఇంకా ముప్ఫై మంది నిలబడి ఉన్నారు. తీపి టీ ఇంకా చేతిలోనే ఉంది. "వాడు ఇటునుంచి పారిపోయాడమ్మా," అన్నాడు హార్లన్. "గుండు పాపం అద్దానికి తగిలింది."

మరిబెల్ చట్రాన్ని చూసింది. అతని కుడిచేతిని చూసింది. పడకగది కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూసింది. అక్కడ నెత్తి మీద ఎర్ర మచ్చ ఉన్న పెద్ద కొంగ ఒకటి, కిటికీ గాజులో తన బొమ్మని చూసుకుని, అదెవరో తన జాగాలోకొచ్చిన శత్రువనుకుని, ముక్కుతో దబదబ పొడుస్తోంది. గుడ్లు పెట్టే కాలంలో ఆ కొంగలు చేసే పనే అది. మరిబెల్ కాసేపు దాన్నే చూసి, నవ్వాపుకోవడానికి కాబోలు దగ్గి, పుస్తకం మూసేసింది.

"ఆ మనిషి మళ్లీ కనబడితే ఫోన్ చెయ్యండి సార్," అంది. "ముఖ్యంగా గడ్డం గీసుకునేటప్పుడు జాగ్రత్త."

వెల్మా తడిజుట్టుతో ఇంటికొచ్చి, అద్దం ముక్కలు చూసి, అలమరాలో తన చలికోటు వీపున పడ్డ చిల్లు చూసి, మంచం అంచున కూచుంది. ఫ్లోరిడాలో ఆ కోటు ఎన్నడూ తొడిగింది లేదు. అయినా కోటు కోటే.

"నిన్ను నువ్వే కాల్చుకున్నావా ఏమయ్యా?"

"నన్ను కాదు. వాణ్ణి."

"ఏ వాణ్ణి? ఆ కొంగకీ నీకూ తేడా ఏంటో చెప్పు. దాని దగ్గర పిస్తోలు లేదు, అంతేగా." ఆమె కోటు మడిచి పక్కన పెట్టింది. "వెళ్లి నిజం చెప్పు. నేను చెప్పను. నీ తుపాకీ, నీ నోరు."

"గురువారం క్లాసులో చెబుతాలే," అన్నాడు హార్లన్.

ఎదురింటి ఎమ్మెట్ లాఫ్టన్ అప్పుడు ఊళ్లో లేడు, శుక్రవారం తిరిగొస్తానని చెప్పి జార్జియాలో కూతురింటికి వెళ్లాడు. హార్లన్‌కీ ఎమ్మెట్‌కీ ఇరవై ఏళ్ల స్నేహం. ఒకే పడవలో చేపలు పడతారు, ఒకే రకం టోపీ పెడతారు, ఒకే రకం పొట్ట పెంచారు. ఎమ్మెట్ తలుపు తట్టడం ఎరగడు. తిన్నగా లోపలికొచ్చి, ఫ్రిజ్ తెరిచి, "ఏరా, ఏముంది ఇంట్లో?" అనడం వాడి పద్ధతి. వాడు లేనప్పుడు వాడి టమాటా మొక్కలకి నీళ్లు పొయ్యడం హార్లన్ పని.

బుధవారం పొద్దున నీళ్లు పోద్దామని హార్లన్ వాడి వరండాలోకి వెళ్లాడు. వరండాకి కట్టిన దోమతెరలో చిటికెన వేలంత చిల్లు కనబడింది. ఆ చిల్లుకి తిన్నగా ఎమ్మెట్ కుర్చీ ఉంది. రోజూ తొమ్మిదింటినుంచి పదింటిదాకా వాడు కాఫీ తాగుతూ కూచునే కుర్చీ. దాని వీపుపట్టీలో, సరిగ్గా నడిమధ్యన, ఇంకో చిల్లు.

హార్లన్ చేతిలో నీళ్ల గొట్టం కారుతూనే ఉంది. బూట్లు తడిసిపోయాయి. నడవా, అద్దం, కోటు, గోడ, దోమతెర, కుర్చీ అని వేలితో గాలిలో గీత గీసి చూసుకున్నాడు. ఆ గీత ఎక్కడా వంకరపోలేదు. ఇంటికెళ్లి, సోఫా మీది దిండు ఒకటి తెచ్చి, కుర్చీ వీపుకి ఆ చిల్లు మీద తాడుతో కట్టేశాడు. ఆ దిండు మీద "ఇల్లే స్వర్గం" అని వెల్మా కుట్టిన అక్షరాలున్నాయి.

గురువారం క్లాసుకి నలభై ఆరుగురు వచ్చారు. డోనట్లు తొమ్మిది నిమిషాల్లో అయిపోయాయి. నిజం చెప్పాలనే హార్లన్ గొంతు సవరించుకున్నాడు. అంతలో ముందు వరసలోంచి మిస్ ఓటిలీ క్రంప్ లేచింది. ఎనభై మూడేళ్లావిడ. నలభై ఏళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పింది. క్లాసులో అందరికన్నా బుద్ధిగా నోట్సు రాసుకునేదీ, ఊలు అల్లే సంచీలో గులాబీరంగు పిస్తోలు పెట్టుకు తిరిగేదీ ఆవిడే.

"నువ్వు చెప్పినదాన్నిబట్టి బొమ్మ గీశాను నాయనా," అంటూ పెద్ద కాగితం విప్పింది.

బొమ్మ మహా బాగా వచ్చింది. హార్లన్ దాన్ని చూసి గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తన మీసం తడుముకున్నాడు. ఎవరూ అతనికేసి చూడలేదు. అందరూ బొమ్మకేసే చూస్తున్నారు.

"ఇదెవరో తెలిసిన మొహంలా ఉందే," అన్నారెవరో.

"పొట్ట చూడండి. మీసం చూడండి. ఎడంచేతి వాటం," అంది మిస్ ఓటిలీ. "మన కాలనీలో ఎడంచేత్తో గేలం విసిరేది ఒక్కడే. ఎమ్మెట్ లాఫ్టన్."

గదంతా గుసగుసలు. మంగళవారానికి ముందే ఊరెళ్లాడట కదా. వెళ్లాడని ఎవరు చూశారు? నేను ఎప్పుడూ అనేవాణ్ణి, వాడు గేటు దగ్గర చెయ్యి ఊపే పద్ధతే తేడాగా ఉంటుందని.

"ఎమ్మెట్ కాదు," అన్నాడు హార్లన్.

"మరెవరు?"

హార్లన్ నోరు తెరిచాడు. నలభై ఆరు జతల కళ్లు. వెనక గోడ మీద అతని సర్టిఫికెట్. నోరు మూసేశాడు.

"చూశారా, అతనికే నమ్మకం లేదు," అంది మిస్ ఓటిలీ జాలిగా. "స్నేహితుడు కదా, చెప్పలేకపోతున్నాడు పాపం. మనం మన జాగ్రత్తలో ఉందాం."

ఆ సాయంత్రమే కాలనీలో కుర్చీలన్నీ వీధికేసి తిరిగాయి. ప్రతి ఒళ్లోనూ ఒక సంచీయో తువ్వాలో ఉంది, దాని కింద ఏముందో హార్లన్‌కి తెలుసు, ఎలా పట్టుకోవాలో నేర్పింది అతనే. ఎమ్మెట్‌కి పదిసార్లు ఫోన్ చేశాడు. ఎమ్మెట్ తన ఫోన్‌ని ట్రక్కు సొరుగులో ఆపేసి పెడతాడు, బ్యాటరీ ఆదా అవుతుందని. శ్రీరంగనీతులు చెప్పడం తేలికే గానీ, గొలుసు విప్పి వదిలిన కుక్కల్ని వెనక్కి పిలవడానికి ఏ సర్టిఫికెట్టూ లేదు. ఇప్పుడు హార్లన్‌కి పరువు సంగతి గుర్తేలేదు. ఎమ్మెట్ గేటులోంచి నవ్వుతూ వస్తాడు, చెయ్యి ఊపుతాడు, అదీ ఎడంచెయ్యి. అంతే అతని భయం. ఇన్నాళ్లకి సబబైన భయమంటే ఎలా ఉంటుందో తెలిసొచ్చింది.

శుక్రవారం తెల్లవారగానే గోల్ఫ్ బండి వేసుకెళ్లి గేటు దగ్గర కాపలా కూచున్నాడు. ఎమ్మెట్ రాగానే ఆపి, విషయం చెప్పి, కాలనీలోకి చేతులు జేబులో పెట్టించి నడిపించాలని. ఎనిమిదైంది, తొమ్మిదైంది, పదైంది. డెబ్భై ఏళ్ల మనిషి మూడు కాఫీలు తాగి ఎంతసేపని ఉగ్గబట్టుకుంటాడు? క్లబ్‌హౌస్ దాకా వెళ్లి రావడానికి మూడు నిమిషాలు పట్టింది. తిరిగొచ్చేసరికి ఎమ్మెట్ ట్రక్కు లోపల ఉంది. గేటు పక్క మొదటి ఇల్లు మిస్ ఓటిలీది. ట్రక్కు ఆ ఇంటి ముందే ఆగి ఉంది.

ఎమ్మెట్ ఆవిడ వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఎడంచేతిలో పొగలు కక్కుతున్న కాగితం సంచీ. జార్జియా నుంచి వచ్చేటప్పుడు రోడ్డు పక్క ఉడికించిన వేరుశెనక్కాయలు మిస్ ఓటిలీ కోసం తేవడం వాడికి అలవాటు. వరండాలో మిస్ ఓటిలీ రెండు చేతులతో గులాబీరంగు పిస్తోలు పట్టుకుని నిలబడి ఉంది. మోచేతులు సరిగ్గా ఉన్నాయి, కాళ్లు సరిగ్గా ఉన్నాయి. మంచి విద్యార్థి.

"కాయలండీ మిస్ ఓటిలీ," అంటున్నాడు ఎమ్మెట్. "చెయ్యి కాలిపోతోందండీ. రెండో చేతిలోకి మార్చుకోనా?"

"కదిలావంటే చూడు."

హార్లన్ బండి అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

"సమయానికొచ్చావు హార్లన్," అంది ఆవిడ, చూపు మరల్చకుండా. "ఒక అనుమానం. వరండా ఇంటి కిందికి వస్తుందా, రాదా?"

"వస్తుందండీ. గానీ..."

"గానీ అన్న మాట నీ పాఠంలో లేదు. నేను వెనక్కి తగ్గక్కర్లేదు కదా?"

"అక్కర్లేదండీ, కానీ తగ్గితే తప్పేం లేదు. లోపలికెళ్లి తలుపేసుకోవచ్చు. ఎంత హాయి."

"రెండో వారం పాఠం, నాలుగో పేజీ. తలుపేసుకునేవాడు పిరికివాడు అని రాయించావు."

"కొట్టేయండి ఆ పేజీ. మీకు నిజంగా భయం వేస్తోందా?"

"మంగళవారం నుంచి వేస్తూనే ఉంది. నువ్వే కదా వేయించావు."

"వాడి చేతిలో ఉన్నవి వేరుశెనక్కాయలండీ."

"సంచీలో ఏముందో నాకు కనబడదు. కనబడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోతుందని ఎవరన్నారు?"

"నేనే అన్నానండీ," అన్నాడు హార్లన్.

"ఏరా, ఏం జరుగుతోందిరా ఇక్కడ?" అన్నాడు ఎమ్మెట్. "నేను వెళ్లింది నాలుగు రోజులే కదా."

మిస్ ఓటిలీ వేలు లోపలికి జరిగింది. హార్లన్ మెట్లెక్కి, ఆవిడకీ ఎమ్మెట్‌కీ మధ్య, పిస్తోలుకి ఎదురుగా నిలబడ్డాడు. జన్మలో మొదటిసారి ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకుండా నిలబడ్డాడంటే అక్కడే.

"తప్పుకో నాయనా. గురికి అడ్డంగా నిలబడకూడదని నువ్వే చెప్పావు."

"దొంగ ఎవరూ లేడండీ. వాడు అద్దంలో ఉన్నాడు."

"అద్దం వెనకా?"

"అద్దంలో. అది నేనేనండీ. వెల్మా కొత్త అద్దం పెట్టింది, నేను చూసుకోలేదు. నన్ను చూసి నేనే భయపడి కాల్చాను. మీరంతా నన్ను అలా చూస్తుంటే చెప్పలేకపోయాను."

మిస్ ఓటిలీ ఒక చేత్తో మెళ్లో వేలాడుతున్న కళ్లజోడు ఎత్తి పెట్టుకుంది. అంటే అప్పటిదాకా అది పెట్టుకోలేదన్నమాట. ఆ సంగతి గ్రహించి మగవాళ్లిద్దరికీ ఒకేసారి చెమట పట్టింది.

"ఎడంచెయ్యి?" అంది ఆవిడ.

హార్లన్ కుడిచెయ్యి ఎత్తి చూపించాడు.

"మరి పరాయి భాష?"

హార్లన్ టోపీ తీసి ఆవిడ కళ్ల ముందు పట్టుకున్నాడు. ఆవిడ బడిలో చదివించినట్టు పైకి చదివింది. "గాస్లిన్ చెరువు చేపల పోటీ. మూడో బహుమతి."

"నాది రెండోది," అన్నాడు వెనకనుంచి ఎమ్మెట్.

పిస్తోలు దిగింది. చట్టం అర్థమై కాదు, చేతులు లాగేస్తున్నాయి గనక. దాన్ని ఊలు ఉండల మధ్య పెట్టి ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఒక్క మాట చెప్పు. ముందు తుపాకీ ఎత్తింది నువ్వా, వాడా?"

"ఇద్దరం ఒకేసారండీ."

"అయితే వాడిక్కూడా ఆత్మరక్షణ హక్కు ఉన్నట్టే. పైగా వాడూ ఆ ఇంట్లోవాడే. ఇంట్లోవాణ్ణి పట్టుకుని చొరబడ్డాడంటే చట్టం ఒప్పుకోదు, ఆరో వారం పాఠం." ఆవిడ చెయ్యి చాచింది. "ఆ కాయలు ఇటివ్వు ఎమ్మెట్. వణుకు తగ్గాలంటే ఉప్పగా ఏదైనా తినాలి."

ఆ మధ్యాహ్నానికి కాలనీ రెండుగా చీలింది. ఆ క్షణంలో హార్లన్ భయం సబబైనదేనని సగం మంది, అద్దాన్ని గుర్తుపట్టడం పౌరుడి బాధ్యతని సగం మంది. అద్దం గనక బతికుంటే ఎవరి మీద కేసు పెట్టేదన్న దాని మీద క్లబ్‌హౌస్‌లో రెండు గంటలు వాదన నడిచింది. ఎమ్మెట్ అందరికన్నా ఎక్కువ నవ్వాడు. "ఆ బొమ్మలో పొట్ట నాదనుకున్నారా? కళ్లున్నాయా మీకు?" అని ఇంటింటికీ తిరిగి అడిగాడు.

హార్లన్ వాడి వెంట వాడింటి వరండా దాకా వెళ్లాడు. దిండు సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఎమ్మెట్ నవ్వుతూనే కుర్చీలో కూలబడి, వీపుకి ఏదో అడ్డు తగిలి, వెనక్కి తిరిగి చూశాడు. "ఇల్లే స్వర్గం. ఇది మీ ఇంటిది కదరా," అంటూ దిండు పైకెత్తాడు.

చిల్లుని చూశాడు. వేలు పెట్టి చూశాడు. దోమతెరకేసి, దాని అవతల హార్లన్ ఇంటి గోడకేసి చూశాడు. తర్వాత తన చొక్కా బొత్తాంకేసి చూసుకున్నాడు. దిండు మళ్లీ మెల్లగా చిల్లు మీదికి దించాడు.

"మంగళవారం ఎన్నింటికిరా?"

"తొమ్మిదిన్నర."

ఎమ్మెట్ తల ఊపాడు. "మొక్కలకి నీళ్లు పోసినందుకు థాంక్స్," అన్నాడు. ఇరవై ఏళ్లలో వాడు హార్లన్‌కి థాంక్స్ చెప్పడం అదే మొదలు.

మర్నాడు పొద్దున హార్లన్ వంటింట్లో గుడ్లు వేయిస్తున్నాడు. ఫ్రిజ్ తెరుచుకున్న చప్పుడు కోసం అతని చెవి తెలియకుండానే ఎదురుచూస్తోంది. బదులుగా వీధిలోంచి కేక వినబడింది.

"హార్లన్, నేనురా, ఎమ్మెట్‌ని. చేతులు ఖాళీగా ఉన్నాయి. రావచ్చా?"

హార్లన్ నవ్వాడు. కిటికీలోంచి చూస్తే ఎమ్మెట్ నవ్వడం లేదు. రోడ్డు మధ్యన నిలబడి, రెండు చేతులూ చెవుల ఎత్తుకి లేపి ఉన్నాడు. స్టవ్ ఆపేశాడు. వాలుకుర్చీ దిండు కింది పిస్తోలు తీసి, గుళ్లు విప్పి, వెల్మా ఒళ్లో పెట్టాడు. "కోటుతోపాటు దీన్నీ ఎక్కడైనా పెట్టి తాళం వెయ్యి," అన్నాడు.

తలుపు బార్లా తెరిచి, తనూ రెండు చేతులూ పైకెత్తి, మెట్లు దిగి రోడ్డు మీదికి నడిచాడు. కిటికీ దగ్గర కొంగ గాజుని పొడవడం ఆపి, ఆ ముసలాళ్లిద్దరినీ చూసింది. వాళ్లు ఒకరికొకరు ఎదురుగా, చేతులు దించకుండా అలాగే నిలబడ్డారు.

"గుడ్లు వేస్తున్నానురా," అన్నాడు చివరికి హార్లన్. "నువ్వు ముందు నడు. నేను వెనక వస్తా."

ఎమ్మెట్ ఒక్క క్షణం తటపటాయించాడు. "కాదులే," అన్నాడు. "పక్కపక్కన వెళ్దాం."